వచ్చేసారి సూదికి

సంచిలో అన్నీ ఉన్నాయి. మళ్ళీ చూసుకోవలసిన పనేమీ లేదు, అయినా ఆమె చెయ్యి దానంతటదే జిప్పు మీదికి పోయింది. పాలసీసాలు, మరగబెట్టి ఆరబెట్టిన పీకలు, మెత్తటి గుడ్డలు, సూది వేయించాక జ్వరం వస్తే పట్టడానికి చుక్కలమందు, మార్చడానికి బట్టలు, ఆ బట్టల కింద ఇంకో జత, దాని కింద మరో జత, కొత్తగా కొన్న పాలపొడి డబ్బా. పక్క కుర్చీలోంచి అత్తయ్య తొంగి చూసి, “చాల్లే అమ్మాయ్, సూదికొచ్చామా, కాపురం మారుస్తున్నామా?” అని నవ్వింది. ఆమె జిప్పు మూసేసింది. అత్తయ్యకేమీ తెలియదు. అత్తయ్య అన్నింటికీ ఇలాగే నవ్వుతుంది. ఆమె కూడా నవ్వింది. నవ్వడం కష్టం కాదు, ఎటు లాగితే నవ్వు అవుతుందో పెదాలకు తెలుసు. సూది అయిపోవాలి, అంతే. సూది వేయించి, బాబును అత్తయ్య చేతుల్లో పెట్టి, మందుల దుకాణం దాకా వెళ్ళొస్తానని చెప్పి ఆసుపత్రి గేటు దాటాలి. గేటు దాటాక ఏమిటన్నది మాటల్లో అనుకోలేదు. తిరిగి రాకపోవడమే ఆ ఆలోచనకు మొదలూ చివరా. నిన్ననే వెళ్ళవచ్చు, మొన్ననే వెళ్ళవచ్చు, కానీ వాడికి సూది బాకీ పెట్టి పోవడానికి మనసొప్పలేదు. పాపం, వాడేం చేశాడు.

హాలు నిండా తల్లులు. గోడకు పసుపురంగు బాతుల బొమ్మలు అంటించారు, వాటిలో ఒకదాని ముక్కు ఎవరో గిల్లి పీకేశారు. లోపలి గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా స్పిరిట్ వాసన, దాని వెనకే ఒక పసిగొంతు కేక, ఆ కేక వెనకే అయిపోయింది నాన్నా అయిపోయింది అంటూ ఓ తల్లి గొంతు. బయటికొచ్చే ప్రతి తల్లి కళ్ళూ తడిగా ఉన్నాయి. సూది బిడ్డకు, కన్నీళ్ళు తల్లికి. పరీక్షలో పక్కవాళ్ళ కాగితంలోకి చూసినట్టు ఆమె ఆ మొహాల్లోకి చూస్తోంది. ఎక్కణ్ణుంచి వస్తాయవి? మొదట్లో తనకూ వచ్చేవి, దేనికి పడితే దానికి, గిన్నె జారినా, ఎవరైనా తలుపు కొట్టినా, ఎవరూ కొట్టకపోయినా. అప్పుడు ఇంటికొచ్చిన వాళ్ళంతా బాలింతలకు మామూలే, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది అన్నారు. సర్దుకుంది. కన్నీళ్ళు ఆగిపోయాయి. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. వాటితోపాటు ఇంకేమేం ఆగిపోయాయో ఎవరూ అడగలేదు. ఆకలి ఆగిపోయింది. పాట వింటే కాలు దానంతటదే ఆడే అలవాటు ఆగిపోయింది. నిద్ర, అది ఆగడం కాదు, అసలు దారే మర్చిపోయింది. బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకో అంటారు, వాడు పడుకుంటాడు, ఆమె వాడి పక్కన కళ్ళు తెరుచుకుని, వాడి ఛాతీ పైకి లేచి కిందికి దిగడం చూస్తూ, ఈసారి లేవదేమో, ఈసారి లేవదేమో అనుకుంటూ.

ఎదురు వరసలో ఒక అమ్మాయి కూర్చునే తూగుతోంది. జుట్టు చిక్కులుపడి ఉంది, చొక్కా తిరగేసి వేసుకుంది, భుజం మీద పాల మరక ఎండి అట్టకట్టింది. తూగి తూగి ఉలిక్కిపడి లేచి, ఒళ్ళో ఉన్నది తన బిడ్డేనా అన్నట్టు చూసుకుని, తన మీద తనే పకపకా నవ్వింది. హాల్లో ఉన్నవాళ్ళందరికీ ఆ పిల్లంటే జాలి పుట్టుకొచ్చింది. ఎవరో బిడ్డను ఎత్తుకున్నారు, ఎవరో మంచినీళ్ళిచ్చారు, అత్తయ్య అయితే లేచి వెళ్ళి, “నిద్దరమొహమా, చొక్కా తిరగేసుకున్నావే తల్లీ,” అని వీపు నిమిరి వచ్చింది. వచ్చి కూర్చుంటూ ఆమె మోకాలు తట్టి పక్కావిడతో అంది, “నా కోడలు బంగారమండీ. ఒక్కనాడు విసుక్కోదు. ఇల్లు చూస్తే అద్దం. ఇవాళ పొద్దున్నే లేచి అందరి బట్టలూ ఇస్త్రీ కూడా చేసేసింది.” నిజమే, చేసింది. ఇస్త్రీపెట్టె వేడెక్కుతుంటే దాని ముందు నిలబడి, తను పోయాక వీళ్ళు నలిగిన బట్టల్తో తిరగకూడదని ఒక్కొక్క చొక్కా మడతపెట్టింది. భర్త చొక్కాలు ఒక దొంతర, అత్తయ్యవి ఒక దొంతర, వాడివి అరచేయంత ఉన్నాయి, వాటికి ఇస్త్రీ ఏమిటి, అయినా చేసింది. తనవి చేయలేదు. ఆ సంగతి ఎవరూ చూడలేదు. తల దువ్వుకున్నవాళ్ళను ఎవరూ జాలిగా చూడరు. తిరగేసిన చొక్కా వేసుకుని వచ్చి ఉంటే బాగుండేదా? కానీ అలా వేసుకోవడం కూడా చేతకావాలి. పడిపోబోతున్న మనిషి గోడను పట్టుకున్నట్టు ఆమె శుభ్రతను పట్టుకుని ఉంది. చెయ్యి వదిలితే ఏమవుతుందో ఆమెకొక్కదానికే తెలుసు.

వాడు ఒళ్ళో కదిలాడు. పైకప్పున వెలుగుతున్న గొట్టందీపాన్ని చూస్తున్నాడు. వాడికి దీపమంటే ఇష్టం, ఫ్యానంటే ఇష్టం, అత్తయ్య గొంతంటే ప్రాణం. గుండుబాబూ అని అత్తయ్య పిలిస్తే కాళ్ళూ చేతులూ ఒక్కసారే ఆడిస్తాడు. వాడి గురించి ఆమెకు తెలియనిది లేదు, ఏ ఏడుపు ఆకలికో ఏది కడుపునొప్పికో, ఎడమ చెవి వెనక చిన్న ఎర్రమచ్చ, నిద్రపట్టే ముందు తీసే మూలుగు. అన్నీ తెలుసు. తెలియడం వేరు. పుట్టిన రోజున డాక్టరు వాణ్ణి పైకెత్తి చూపించినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు కాబట్టి తనూ నవ్వింది. లోపల ఎవరో చాలా మర్యాదగా, ఎవరి బిడ్డ ఇది అని అడిగారు. అలసట అనుకుంది. రేపటికి వస్తుందనుకుంది, పాలు పడ్డట్టే అదీ పడుతుందనుకుంది. పాలు వచ్చాయి. అది రాలేదు. రోజూ పొద్దున్నే లేచి, కుళాయి తిప్పి నీళ్ళొస్తున్నాయేమోనని చూసినట్టు లోపలికి చూసుకుంది. వట్టి గాలి చప్పుడు. మరి చేతులు ఎలా పనిచేస్తున్నాయి? చేతులు మంచివి. ఎవరి బిడ్డనైనా అలాగే ఎత్తుకుంటాయి, అలాగే కడుగుతాయి, అలాగే జోకొడతాయి. వాడు ఆమె మొహంలోకి చూసి బోసినోటితో నవ్వినప్పుడు మాత్రం భరించలేకపోతుంది. కనిపెడతాడేమో. ఇప్పుడు కాకపోయినా పెద్దయ్యాక ఎప్పుడో, మా అమ్మ నన్ను చూసి నవ్వేది కానీ ఆ నవ్వులో అమ్మ ఉండేది కాదు అని వాడికి తెలిసిపోతుందేమో.

ఆమె పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో, వెనక గదిలో, అద్దాలు అరగదీసే మిషను దగ్గర. నీళ్ళు సన్నగా కారుతూ ఉంటాయి, అద్దం అంచు కీచుమంటూ అరుగుతుంది, వేళ్ళకు తెల్లటి బురద అంటుకుంటుంది. ఫ్రేములో అద్దం టక్కున కూర్చున్నప్పుడు వచ్చే చిన్న చప్పుడంటే ఆమెకు చెప్పలేనంత ఇష్టంగా ఉండేది. నిండు చూలాలిగా ఉన్నప్పుడు కూడా పొట్టకూ బల్లకూ మధ్య జాగా చాలక పక్కకు తిరిగి కూర్చుని అరగదీస్తుంటే దుకాణం ముసలాయన, లోపలున్నవాడు కళ్ళజోడు పెట్టుకునే పుడతాడేమో చూడు అని ఏడిపించేవాడు. నవ్వలేక పక్కటెముకలు పట్టుకునేది. ఆ నవ్విన మనిషి ఎవరు? ఎక్కడికి పోయింది? కొత్త జోడు పట్టుకెళ్ళిన వాళ్ళు కొందరు మర్నాడే తిరిగొచ్చేవాళ్ళు, అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయమ్మా, ఏదో తేడాగా ఉంది, ఏమిటో చెప్పలేను అంటూ. ముసలాయన విసుక్కునేవాడు, అన్నీ కనిపిస్తున్నప్పుడు ఇంకేం తేడా అని. ఆమె కూడా లోపల్లోపల విసుక్కునేది. ఇప్పుడు వాళ్ళందరికీ ఎదురెళ్ళి క్షమించమని అడగాలనిపిస్తుంది. అన్నీ కనిపిస్తున్నాయి. ఏదో తేడాగా ఉంది. ఏమిటో చెప్పలేను.

చెప్పబోయిన సందర్భాలు లేకపోలేదు. భర్త లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్నాడు, చేతులకు గ్రీజు వాసన, మనసు మెత్తన. ఒక సాయంత్రం సీసాలు కడుగుతూ, “నీకేం కావాలో చెప్పు, నేను చేస్తా,” అన్నాడు. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. నోరు తెరిచింది. నాకేం కావాలి? నాకు నేను కావాలి. అది ఏ దుకాణంలో దొరుకుతుందని అడుగుతాడు? “టీ తాగుతావా?” అంది. “నువ్వు కూర్చో, నేనే పెడతా,” అన్నాడతను, పెట్టాడు, కప్పు చేతికిచ్చి అంతా సవ్యంగా ఉందన్నంత సంతోషంగా ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ సంతోషం చెడగొట్టడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ఇంకోసారి అమ్మతో ఫోనులో, అమ్మా నాకు ఏం బాగాలేదే అంది. అమ్మ అటునుంచి, “ఏమైందే, కుట్లు నొప్పా? పాలు గడ్డకట్టాయా?” అని ఒంట్లో ఉన్న భాగాలన్నీ వరసగా అడిగింది. ఏ భాగమూ కాదంటే, “నలుగుర్ని కన్నాను, నాకు దిగులుపడటానికి తీరికెక్కడిదే తల్లీ,” అంది. తిట్టినట్టు కాదు, ఓదార్చినట్టే అంది. నిజంగానే ఓదార్చాననుకుంది.

అన్నిటికన్నా బాధ పిన్ని. పిన్ని కూతురు పుట్టినప్పుడు ఆమె చిన్నపిల్ల. సెలవులకు వెళ్ళినప్పుడు వంటింట్లో పిన్ని కుళాయి తిప్పి, పారుతున్న నీళ్ళలోకి చూస్తూ నిలబడిపోయి ఉండేది. గిన్నె నిండి పొర్లిపోయేది, పిన్ని కదిలేది కాదు. కొవ్వెక్కింది అన్నారు, పనిదొంగ అన్నారు, గాలి సోకిందని కూడా ఎవరో అన్నారు. ఏళ్ళు గడిచాయి. పిన్ని అందరిలాగే అయింది, అంటే అందరూ అలాగే అనుకున్నారు. వీడు పుట్టాక చూడటానికి వచ్చింది. వాడికి ఉన్నికుచ్చు టోపీ తెచ్చింది. టోపీ తొడిగి, తలెత్తి, ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపు ఇప్పటికీ కళ్ళముందుంది. తెలిసిన మనిషి సంతలో ఎదురుపడితే కళ్ళు ముందుగా గుర్తుపడతాయే, అలా. పిన్నికి తెలిసిపోయింది. ఈ భూమ్మీద తెలిసినది పిన్ని ఒక్కతే. ఆమె ఎదురుచూసింది, ఒక్క మాట, చెయ్యి మీద చెయ్యి, ఏదో ఒకటి. పిన్ని చూపు తిప్పుకుంది. చేతిసంచి వెతుక్కుంది. “వేళవుతోంది, బస్సు దొరకదు,” అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, “అలవాటవుతుందిలే,” అని వెళ్ళిపోయింది. పోతుందిలే అనలేదు. అలవాటవుతుందిలే అంది. ఆ రోజు సాయంత్రం నుంచి ఆమె లోపల ఇంకే తలుపూ తెరిచి లేదు. పిన్నికి పోలేదన్నమాట. ఇన్నేళ్ళూ దాన్ని చంకనేసుకునే తిరిగిందన్నమాట.

ఆ తర్వాతే కిటికీ మొదలైంది. వాణ్ణెత్తుకుని కిటికీ దగ్గరికి వెళ్తే వాడు చేతుల్లోంచి జారిపోవడం ముందే కనిపించేది, కళ్ళు మూసుకున్నా కనిపించేది. ఆమె వాణ్ణి గుండెకు అదుముకుని వెనక్కి వెనక్కి నడిచి గోడకు ఆనుకుని కూలబడేది. అలా చేయాలని ఎన్నడూ లేదు, ఒట్టు, ఒక్కనాడూ లేదు, మరి ఎందుకు కనిపిస్తుంది? ఇలాంటివి కనిపించే మనిషిని ఏమంటారు? గొళ్ళేనికి తీగ చుట్టి బిగించింది. గాలాడటం లేదేమిటని భర్త అడిగితే దోమలంది. కత్తులు పైఅరలోకి మార్చింది. ఇల్లంతా వాడికి భద్రంగా చేసేసరికి, చివరికి ఆ ఇంట్లో వాడికి ప్రమాదకరమైన వస్తువు ఒకటే మిగిలింది. లెక్క సరిగ్గా కుదిరింది. వాడికి అత్తయ్య ఉంది, నాన్న ఉన్నాడు, వాళ్ళిద్దరూ వాణ్ణి నిజంగా ప్రేమిస్తారు. తను లేకపోతే వాడికి పోయేదేమీ లేదు. ఇంత తేలిక సంగతి అంతకుముందు తట్టనందుకు ఆశ్చర్యపోయింది. ఆ రోజు, చాలా కాలం తర్వాత, కడుపునిండా తిన్నది. అత్తయ్య సంబరపడిపోయి, ఇన్నాళ్ళకు కోడలికి ఒళ్ళు కుదుటపడిందని కొడుక్కి ఫోను చేసి మరీ చెప్పింది.

పేరు పిలిచారు. అత్తయ్యే ముందు లేచింది. లోపలి గదిలో పెద్దగొంతు నర్సు ఒకావిడ ఉంది, నడివయసు మనిషి, కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది. ఎడమ కాడ వదులైంది, మర బిగించాలి అనుకున్నాయి ఆమె వేళ్ళు, ఆమెతో పనిలేకుండానే. వాణ్ణి తూకం పళ్ళెంలో పడుకోబెట్టారు. “అబ్బో, బాగానే లాగించాడే,” అంది నర్సు. అత్తయ్య మొహం చాటంతైంది. వాణ్ణి మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, తొడ కదలకుండా పట్టుకోమంటే పట్టుకుంది, ఎంత గట్టిగా పట్టుకోవాలో అంతే గట్టిగా. సూది దిగింది. వాడు ఊపిరి బిగబట్టి, ఎర్రగా కందిపోయి, ఒక్కసారిగా గుక్కపట్టాడు. అత్తయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె మూలనున్న చేతులు కడుక్కునే తొట్టెను చూస్తోంది. తెల్లటి తొట్టె, అంచు దగ్గర చిన్న పగులు. ఇక అయిపోయింది. సూది అయిపోయింది. నర్సు దూది అదుముతూ చెప్పుకుపోతోంది, ఇవాళ ఒళ్ళు వెచ్చబడవచ్చు, చుక్కలమందు పట్టండి, వచ్చేసారి మటుకు పాలు పట్టి కాస్త ఆగి తీసుకురండి అని.

“అలాగేనండీ. అత్తయ్యకు గుర్తుచేస్తాను,” అంది ఆమె.

“అత్తయ్యకెందుకమ్మా, మీకే చెబుతున్నా.”

“అత్తయ్యే తీసుకొస్తారు.”

“మరి మీరు?”

అత్తయ్య వాణ్ణి భుజాన వేసుకుని ఊపుతూ ఆమె తరఫున జవాబిచ్చేసింది. “ఉద్యోగంలో చేరిపోతుందిగా సిస్టర్. సెలవైపోదూ మరి!” దారిలో దొరికినంత సులువుగా అబద్ధం చేతికి అందింది. తలాడిస్తే చాలు. ఆడించింది కూడా. నర్సు దూది డబ్బా మూత పెడుతూ, “ఎప్పుడు చేరుతున్నారు?” అంది, ఊరికే, మాటకు మాట. అంతే. అన్నిటికీ జవాబు సిద్ధం చేసుకున్నది దీనికి చేసుకోలేదు. పాలు ఎలా ఉన్నాయి, నిద్ర ఎలా ఉంది, కుట్లు మానాయా, ఇంట్లో అంతా బాగుందా, దేన్నడిగినా నాలుక మీద ఉంది. కానీ ఎప్పుడు అన్న మాటకు ఆమె తలలో చోటే లేదు. వచ్చే వారమని చెప్పవచ్చు, వచ్చే నెలని చెప్పవచ్చు, నోరు తెరిచి ఏదో ఒకటి అంటే పోయేది. వచ్చే వారం ఎలా ఉంటుందో ఊహించబోతే గేటు దగ్గరే ఆగిపోయింది ఊహ. గేటు అవతల రోడ్డు కూడా లేదు. నర్సు చెయ్యి డబ్బా మూత మీదే ఆగింది. జారిన కళ్ళజోడు పైనుంచి ఆమెను చూసింది. పిన్ని చూసిన చూపే. నర్సు ఆ చూపు తిప్పుకుంటుందని ఆమె ఎదురుచూసింది. తిప్పుకోలేదు.

“పెద్దమ్మా, బాబును కాస్త బయట తిప్పండి. తల్లికి కుట్లు చూడాలి,” అంది నర్సు.

“కుట్లెప్పుడో మానాయిగా?”

“మానాయో లేదో నేను చూడాలిగా.”

అత్తయ్య వాడితో పాటు వెళ్ళింది, సంచి కూడా వెళ్ళింది. తలుపు మూసుకుంది. ఇంకెంతసేపండీ అని బయట ఎవరో సణిగారు. నర్సు కుర్చీ లాక్కుని మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. పెద్దగొంతు ఎక్కడో వదిలేసి వచ్చింది.

“ఇక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్దామనుకుంటున్నారు?”

“మందుల దుకాణానికి.”

“ఆ తర్వాత?”

తొట్టె అంచున పగులు. చిన్నదే, కానీ దానిలోకి నీళ్ళు పోతూనే ఉంటాయి.

“మీరు లేకపోతేనే బాబుకు మంచిదనిపిస్తోందా?”

ఆమె తలెత్తింది. ఆ మాట తనది. తన ఒక్కదానిది. ఎవరికీ చూపకుండా దాచుకున్నది ఈవిడ నోట్లోకి ఎలా వచ్చింది? ఇంకెవరి దగ్గర విన్నది? అంటే ఈ కుర్చీలో కూర్చుని ఇంకెవరో... “చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?” అంది నర్సు, దగ్గు ఉందా అన్నంత మామూలుగా. ఆ మాట బయటపడితే గోడలు కూలతాయనుకుంది ఇన్నాళ్ళూ. ఏమీ కూలలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. “ఊఁ,” అంది. తన గొంతే, కానీ చాలా కింది నుంచి వచ్చింది. బంగారంలాంటి బిడ్డను పెట్టుకుని అనలేదు నర్సు. తప్పు కదా అనలేదు. ఒక చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని రెండో చేత్తో బల్ల మీది ఫోను అందుకుంది. “డాక్టరుగారిని కిందికి రమ్మను. కాదు, పిల్లల డాక్టరు కాదు. తల్లి కోసం. ఇప్పుడే.” ఆ తర్వాత ఆమె భర్త నంబరు అడిగింది. ఆమె చెప్పింది. చెబుతుంటే ఉపశమనం ఏమీ రాలేదు. కోపం వచ్చింది, పారిపోతున్నదాన్ని జుట్టు పట్టుకుని ఆపినట్టు. సిగ్గు వచ్చింది. ఇప్పుడు అందరికీ తెలుస్తుంది, అత్తయ్య నవ్వు ఆగిపోతుంది, అతను గ్రీజు చేతులతో మెట్లు దిగుతూ పరుగెత్తుకొస్తాడు, వచ్చి ఏం చూస్తాడు? ఇస్త్రీ చొక్కాలు చూస్తాడు, తీగ చుట్టిన గొళ్ళెం చూస్తాడు. ఎంత తేలిగ్గా, ఎంత శుభ్రంగా కుదిరిన లెక్క. మళ్ళీ ఇవాళ సాయంత్రం ఉంటుంది. రేపు ఉంటుంది. దాన్నంతా ఎవరు మోస్తారు?

బయట వాడు ఏడుస్తున్నాడు. వాడి గొంతు ఎన్ని గొంతుల్లో ఉన్నా ఆమెకు తెలుస్తుంది.

“వినిపిస్తోందా?” అంది నర్సు.

“వినిపిస్తోంది.”

“వింటే ఏమనిపిస్తోంది?”

ఏం చెప్పాలో ఆమెకు తెలుసు. ప్రతి తల్లీ ఏం చెబుతుందో తెలుసు. ఆ మాట నాలుక దాకా వచ్చింది, అలవాటుగా, ఇస్త్రీ చేసినంత నున్నగా. చాలా అలసటగా ఉంది. ఇక దాన్ని మోయలేక వదిలేసింది.

“ఏమీ అనిపించట్లేదు.”

“సరే,” అంది నర్సు, ఒళ్ళు ఎంత వేడిగా ఉందో చెబితే విన్నట్టే. మణికట్టు వదల్లేదు.

తలుపు మీద వేళ్ళతో చప్పుడైంది. “అమ్మాయ్, అయిందా? వీడు ఊరుకోవట్లేదు.”

నర్సు కూర్చున్న చోటినుంచే కాలు చాపి తలుపుకు ఆనించింది.

“ఇంకా లేదు పెద్దమ్మా,” అంది. “టైం పడుతుంది.”